పిస్తోలు గురి: వినోదము, విద్య, వివేకము

(షోలాపురమునందలి తెలుగు కుటుంబముల యువజన సమావేశములో, సంఘ పెద్దలలో ఒకరగు వర్తకులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము మమ్ము నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తండ్రిగారి అంగటిలో కూర్చుండి, మీటరు బద్దయు లెక్కపుస్తకమును చేతబట్టిన వారము. అయినను విషయము మన బిడ్డల క్షేమమునకు సంబంధించినది గనుక, చదివి తెలిసికొన్నంతవరకు సభవారికి విన్నవించుట మా విధియని తలంచి నిలుచున్నాము.

విషయమిది. వార్షికోత్సవము సమీపించుచున్నది. మన యువకులు కొందరు చేవ్రాళ్ళు చేసి ఒక విజ్ఞప్తి పత్రమును సంఘమునకు సమర్పించిరి. అందు రెండు కోరికలు కలవు. పిస్తోలుతో చిత్రవిచిత్రములగు గురులు కొట్టు ప్రదర్శకుని ఒకనిని పిలిపించి, పేకముక్కను అంచున చీల్చుట, అద్దములో చూచి వెనుకకు కాల్చుట మున్నగు విద్యలను వేదికపై చూపింపవలెననియు, తుదకు మన యువకులలో ఒకని తలమీద నిమ్మకాయ నుంచి కొట్టింపవలెననియు మొదటి కోరిక. గురి నేర్వగోరు పిల్లలకు సంఘనిధి నుండి సహాయము చేయవలెనని రెండవ కోరిక. కార్యవర్గములో కొందరు రెండును వలదనిరి. కొందరు రెండును కావలెననిరి. మాటలు కొంచెము పెరిగినవి కూడను. మా అభిప్రాయము ముందుగనే చెప్పుచున్నాము: మొదటిది కూడదు, రెండవది తప్పక కావలెను. ఏల యట్లనుచున్నామో దయచేసి వినుడు.

మొట్టమొదట యువకుల ఉత్సాహమును మేము తప్పుపట్టము. చిన్న గురిని కొట్టవలెననెడి కోరిక మానవునకు సహజము. ద్రోణాచార్యుడు చెట్టుకొమ్మమీద పక్షిని నిలిపి శిష్యులను పరీక్షించిన కథయు, ద్రుపదుని సభలో అర్జునుడు మత్స్యయంత్రమును కొట్టిన కథయు మన యిండ్లలో పసిబిడ్డలకు కూడ తెలియును. సంక్రాంతికి సిద్ధేశ్వరస్వామి గడ్డ జాతరకు పోయినవారిలో, బెలూనులు కట్టిన పలక ముందర నిలిచి గాలితుపాకి చేతబట్టనివారెందరు? పది గుండ్లకు ఆరు బెలూనులు పగిలినచో ఇంటికి వచ్చువరకు ఆ ముచ్చటయే. నేడు అరచేతిలోని ఫోనులో ప్రపంచమునందలి గురికాండ్ర విద్యలన్నియు పిల్లలు చూచుచున్నారు. చూచినదానిని చేయవలెనని వారికి తోచుట వింత కాదు. ఆ విద్యలవెనుక ఏమున్నదో పెద్దలు విప్పి చెప్పకపోవుటయే వింత.

ఈ చిత్రవిద్యకు పేరుమోసిన దేశము అమెరికా. అందు ఆనీ ఓక్లీ అను స్త్రీ ప్రసిద్ధురాలు. ఆమె 1860లో ఒహాయో రాష్ట్రమున పేద కుటుంబమున పుట్టెను. పసితనముననే తండ్రి గతించెను. ఆ బాలిక అడవిలో వేటాడి, వేటను అంగళ్ళవారికి అమ్మి, ఆ సొమ్ముతో ఇల్లు నడుపుటకు తల్లికి తోడ్పడెను. గురిపందెములో ఫ్రాంక్ బట్లరు అను పేరుగల గురికానిని గెలిచి, పిదప అతనినే వివాహమాడెను. 1885లో బఫెలో బిల్లు అనునతని ప్రదర్శన సమూహములో చేరి దేశదేశములు తిరిగెను. ముప్పది అడుగుల దూరమున కాదు, ముప్పది అంగల దూరమున అంచు మాత్రము కనబడునట్లు పట్టిన పేకముక్కను తుపాకితో చీల్చెడిది. గాలిలోనికి ఎగురవేసిన చిన్న నాణెములను కొట్టెడిది. ఆమె హెచ్చుగా వాడినవి పొడుగు తుపాకులేయైనను పిస్తోలునందును నేర్పరియే. తుదిదినములలో స్త్రీలనేకులకు గురి నేర్పి, 1926లో గతించెను.

అడాల్ఫ్ టాపర్‌వైన్ అను వేరొక గురికాడు టెక్సాసు రాష్ట్రమందలి శాన్ ఆంటోనియో నగరములో 1907వ సంవత్సరము డిసెంబరులో పది దినములు వరుసగా కాల్చెను. రెండుంపావు అంగుళముల చెక్కబిళ్ళలను గాలిలోనికి విసరుచుండగా 72,500 బిళ్ళలకు తప్పిపోయినవి తొమ్మిది మాత్రమే! అతడు వాడినది చిన్న రైఫిలు. మన అంగళ్ళలో పదివేల బేరములకు ఒక్క లెక్క తప్పిన గుమాస్తా యున్నచో అతనిని నెత్తిన పెట్టుకొందుము. ఈ లెక్క దానికి దగ్గరగనే యున్నది.

ఇక పిస్తోలు జాతిలోనిదగు రివాల్వరుతో చిన్న గురులు కొట్టుటలో అగ్రగణ్యుడు ఎడ్ మెక్‌గివర్న్. 1874లో పుట్టి 1957లో గతించిన ఈతడు మొంటానా రాష్ట్రమునందలి లూయిస్‌టౌనులో నివసించెను. 1932 ఆగస్టు 20వ తేదీన దక్షిణ డకోటాలోని లెడ్ అను ఊరి గురిమైదానమున, పదునైదు అడుగుల దూరము నుండి ఐదు గుండ్లను 0.45 సెకండులో కాల్చెను. ఐదు రంధ్రములును కలిపి అర డాలరు వెండి నాణెముతో కప్పిపుచ్చవచ్చునంత చోటులో పడినవి. ఆ నాణెము వ్యాసము మూడు సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ. ఒకమారు కాదు, ఆ దినముననే రెండు మారులు అట్లు చేసెను. ఒక్కసారిగా ఎగురవేసిన ఆరు మట్టిబిళ్ళలను నేలబడకమునుపే పగులగొట్టుట, మేకు తలమీద కొట్టి దానిని చెక్కలోనికి దింపుట, ఎగురుచున్న నాణెమును కొట్టుట ఇతని నిత్యకృత్యములు.

అయితే మాకు ఈ మనుష్యునియందు మిక్కిలి నచ్చినది వేగము కాదు, లెక్క. నోటిమాటగా "మెరుపువలె కాల్చితిని" అని చెప్పుకొనక, సెకండులో అతిస్వల్ప భాగములను కొలుచు యంత్రములను సిద్ధపరచుకొని, ప్రతి దెబ్బను కొలిచి వ్రాసికొనెను. ఏ వ్రేలు ఎక్కడ నుండవలెనో, ఏ కదలిక వ్యర్థమో పరిశీలించి, 1938లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. పోలీసువారికి శిక్షణ నిచ్చెను. అనగా అతనికి ఈ విద్య గారడి కాదు. వర్తకునకు చిట్టా ఆవర్జా ఎట్టివో, అతనికి అభ్యాసపు లెక్కలట్టివి.

ఇప్పుడు ఈ గురి యెట్లు కుదురునో కొంచెము చెప్పెదము. పిస్తోలు గొట్టము కొనయందు ఒక చిన్న దిమ్మె యుండును. వెనుకవైపున ఒక గాడి యుండును. గాడి నడుమ దిమ్మె సరిగా నిలిచి, రెండింటి తలలును ఒకే మట్టమున నుండవలెను. ఈ రెంటి నడుమ దూరము సుమారు 30 సెంటీమీటర్లు అనుకొందము. గురిపలక 10 మీటర్ల దూరమున నున్నదనుకొందము. దిమ్మె గాడిలో ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు ఒరిగినచో, పలకకడ దెబ్బ 33 మిల్లీమీటర్లు తొలగిపోవును. అట్లుగాక దిమ్మెయు గాడియు సరిగానుండి, చెయ్యి మొత్తము మూడు మిల్లీమీటర్లు ప్రక్కకు జరిగినచో దెబ్బ తొలగునది మూడు మిల్లీమీటర్లే. 10 మీటర్ల గాలిపిస్తోలు పందెములో నడుమనుండు పది మార్కుల వలయము వ్యాసము పదకొండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. కాబట్టి చెయ్యి కొంచెము వణకుట క్షమింపదగిన తప్పు. దిమ్మె గాడిలో ఒరుగుట క్షమింపరాని తప్పు.

ఇందువలన ఒక విచిత్రము కలుగుచున్నది. అర్జునుడు పక్షి కన్నును మాత్రమే చూచెనని మనము పిల్లలకు చెప్పుచున్నాము. పిస్తోలు గురిలో ఆరితేరినవాడు గురిని అంత స్పష్టముగా చూడడు. అతని దృష్టి కొనయందలి దిమ్మెమీద నిలుచును. దూరపు గురి మసకగానే కనబడును. మనిషి కన్ను ఒకేసారి దగ్గరిదానిని, దూరపుదానిని రెండింటిని తేటగా చూడజాలదు గనుక, ఏది ముఖ్యమో దానినే ఎన్నుకొనవలెను. త్రాసు పట్టిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. సరకు తూచునపుడు కన్ను సరకుమీద నున్నచో తూకము చెడును. ముల్లుమీద నున్నచో కుదురును. విలుకాని నీతి వేరు, పిస్తోలుకాని నీతి వేరు. ఏకాగ్రత మాత్రము రెండింటికి ఒక్కటే.

రెండవ రహస్యము మీట నొక్కుట. క్రొత్తవాడు గురి కుదిరినదనుకొన్న క్షణమున మీటను గుంజును. దానితో గొట్టము క్రిందికి వంగును. అదియునుగాక, ధ్వని రాబోవుచున్నదనెడి భయముచేత పేలకమునుపే చెయ్యి ఉలికిపడును, రెప్ప మూతపడును. నేర్చినవాడు మీటను క్రమక్రమముగా, సూటిగా వెనుకకు నొక్కును. ఈ ఉలికిపాటును పోగొట్టుటకు గుండు లేకుండ, గోడవైపు గురిపెట్టి, వేలకొలది మారులు మీట నొక్కి అభ్యసింతురు. ప్రపంచ విజేతలును ఈ వట్టి అభ్యాసమును విడువరు. మెక్‌గివర్న్ ప్రదర్శించిన వేగమునకును మూలమిదియే. రివాల్వరులో ఒక్క నొక్కుడుతో గుండ్లచక్రము తిరిగి, సుత్తి వెనుకకు పోయి, మరల పడును. అంత పనియు జరుగుచుండగా గొట్టము చలింపకుండ నిలుపుట ఏండ్ల తరబడి సాధనచేసిన చేతికే సాధ్యము.

మరి వేదికమీది విద్యలన్నియు శుద్ధమైన గురియేనా? కాదు. కొన్నింటిలో గురి యెంతయో యుక్తియు అంతయే. గొడ్డలి అంచుమీద కాల్చి, ఇరువైపులనున్న రెండు మట్టిబిళ్ళలను ఒక్క గుండుతో పగులగొట్టుట చూచి జనులు ఆశ్చర్యపడుదురు. సీసపు గుండు మెత్తనిది. పదునైన అంచునకు తగిలినచో రెండుగా చీలి రెండువైపులకు పోవును. బిళ్ళలను ఆ త్రోవలో నుంచుటయే నేర్పు. అద్దములో చూచి వెనుకకు కాల్చుట కష్టమేయైనను, దిమ్మెయు గాడియు గురియు అద్దములో వరుసగా కనబడుచునే యుండును. ఎడమ కుడి తారుమారగుటకు చేతిని అలవాటు చేయవలెను, అంతే. బఫెలో బిల్లు ప్రదర్శనలలో గాలిలో ఎగురు గాజుగోళములను కొట్టునపుడు, చుట్టును కూర్చున్న వేలజనులకు అపాయము కలుగకుండుటకై ఒంటి గుండునకు బదులు సన్నని రవ్వలు నింపిన తూటాలను వాడెడివారు. ఇది మోసమని మేమనము, అది జాగ్రత్త. అయితే ఆ జాగ్రత్త సంగతి తెలియక, ఫోనులో చూచినదంతయు ఒంటి గుండు పనియేయని నమ్మి అనుకరించు పిల్లవాడు ఏమగును?

ఇక విజ్ఞప్తిలోని తలమీది నిమ్మకాయ సంగతి. స్విట్జర్లండు దేశమున విల్లియం టెల్ అనువాడు కుమారుని తలమీది ఆపిలు పండును బాణముతో కొట్టెనని ఒక పురాతన గాథ కలదు. ఆ గాథలో సైతము అతడు ఇష్టపడి కొట్టలేదు. క్రూరుడగు అధికారి బలవంతపెట్టగా కొట్టెను. తండ్రికి శిక్షగా విధింపబడినదానిని మనము వినోదముగా కోరుచున్నాము! ఆ గాథను అనుకరింపబోయి జరిగిన రెండు ఘోరములను మనవి చేసెదము.

1882 నవంబరులో అమెరికాలోని సిన్సినాటి నగర నాటకశాలలో ఫ్రాంక్ ఫ్రేయిన్ అను నటుడు, వెనుదిరిగి అద్దములో చూచుచు, ఆనీ వాన్ బెహ్రెన్ అను నటి తలమీది వస్తువును కొట్టు ఘట్టమును ప్రదర్శించుచుండెను. అతడు క్రొత్తవాడు కాడు. ఆ విద్యను ఎన్నియో మారులు చేసినవాడు. ఆ రాత్రి తుపాకిలోని ఒక భాగము వదులై, గురి తప్పి, గుండు ఆమె తలకు తగిలెను. ఆమె మరణించెను. అతడు పెండ్లాడదలచిన స్త్రీ యామెయే. చేతిలో లోపము లేదు, కంటిలో లోపము లేదు. ఇనుములో లోపము చాలెను.

1951 సెప్టెంబరులో మెక్సికో నగరమున విల్లియం బరోస్ అను రచయిత, ఒక ఇంట మిత్రులయెదుట మద్యము త్రాగి, భార్య తలమీద గాజుపాత్ర నుంచి పిస్తోలుతో కాల్చెను. గుండు ఆమె నుదుట తగిలెను. జోన్ వోల్మర్ అను ఆ ఇల్లాలు ప్రాణము విడిచెను, చిన్నబిడ్డలు తల్లిలేనివారైరి. మొదటివాడు ఆరితేరినవాడు, రెండవవాడు మత్తుననున్నవాడు. ఫలము మాత్రము ఒక్కటే. కాబట్టి "మన ప్రదర్శకుడు గొప్పవాడు, తప్పడు" అను వాదము నిలువదు. ప్రశ్న అతడు తప్పునా తప్పడా యనునది కాదు. తప్పినయెడల పోవునది నిమ్మకాయయా, ఒక తల్లి బిడ్డయా యనునదే ప్రశ్న. నష్టము భరింపలేని బేరమును లాభమెంత యున్నను చేయరాదని మన తాతలు మనకు నేర్పిరి గదా!

కొందరు మిత్రులు "మనిషిని నిలుపవలదు, పేకముక్కలను మాత్రము కొట్టించుదము" అనిరి. దానికిని మా మనవి కలదు. మన ఉత్సవము జరుగునది వీధినడుమ వేసిన పందిరిలో. చిన్నదగు 0.22 జాతి తూటా సైతము అడ్డు లేనియెడల ఒక మైలునకు పైగా పోగలదు. గట్టి వస్తువునకు తగిలినచో ఎటు ఎగిరిపడునో చెప్పజాలము. గురివెనుక మట్టిగట్టు లేని చోట, పసిబిడ్డలు పరుగులెత్తు చోట, పేకముక్క కూడ మనిషియంత అపాయమే. చట్టమును సైతము మరువరాదు. 1959 నాటి ఆయుధ చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, ఉత్సవములందు గాని, అజాగ్రత్తగా గాని, ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు తుపాకి కాల్చినవారికి రెండేండ్ల వరకు కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. పెండ్లి ఊరేగింపులలో తుపాకి కాల్చుట మగతనమని తలంచువారు ఏ ఊరనున్నను, ఈ మాట వారి చెవిని వేయుడు.

ఇంతవరకు వలదన్నదానిని చెప్పితిమి. ఇక కావలెనన్నదానిని చెప్పెదము. ఈ విద్యయొక్క గౌరవము ప్రదర్శనలో కాక పందెములో నున్నది.

హంగరీ దేశ సైన్యములో కారోలీ టకాచ్ అను సార్జంటు ఉండెను. పిస్తోలు గురిలో మేటి. 1936 ఒలింపిక్ క్రీడలకు అధికారి హోదా లేదను కారణముచేత పోనీయలేదు. 1938లో సైనికాభ్యాసమున చెడిపోయిన చేతిబాంబు ఒకటి పేలి అతని కుడిచెయ్యి ఛిద్రమయ్యెను. పిస్తోలు పట్టు చెయ్యి అదియే. అతడు విలపించుచు కూర్చుండక, ఎవరికిని చెప్పక ఎడమచేతితో మొదటినుండి అభ్యసించి, మరుసటి యేడు స్వదేశపు పోటీలో గెలిచెను. యుద్ధమువలన 1940, 1944 క్రీడలు జరుగలేదు. 1948లో లండనులో, ముప్పదియెనిమిదవ యేట, ఎడమచేతితో 580 మార్కులు పొంది స్వర్ణపతకము గెలిచెను. 1952లో హెల్సింకిలో మరల గెలిచెను. ఆ పందెములో ఐదు పలకలను వరుసగా ఒక్కొక్క గుండుతో కొట్టవలెను. మొదట ఎనిమిది సెకండులు, పిమ్మట ఆరు, తుదకు నాలుగు సెకండులు మాత్రమే గడువు. ఇట్లు మొత్తము అరువది గుండ్లు. మెక్‌గివర్న్ వేగమును, త్రాసుముల్లువంటి నిలుకడయు ఒక్కచోట చేరిన పందెమిది. ఈ పందెమునందే మన దేశీయుడు విజయకుమార్ 2012లో లండనులో రజతపతకము గెలిచెను.

మనమున్న మహారాష్ట్రమునే చూడుడు. కొల్హాపురము మనకు దూరదేశము కాదు. ఆ ఊరి ఆడుబిడ్డ రాహీ సర్నోబత్ 2018 ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పందెమున స్వర్ణము గెలిచెను. అదే కొల్హాపురము జిల్లాలోని కాంబళ్‌వాడి గ్రామమున పుట్టిన స్వప్నిల్ కుసాళె, రైల్వే ఉద్యోగియై, 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిలు పందెమున కాంస్యపతకము తెచ్చెను. ఆ క్రీడలలోనే హర్యానాకు చెందిన మను భాకర్ గాలిపిస్తోలుతో ఒంటిగా ఒకటి, సరబ్‌జోత్ సింగుతో కలిసి ఒకటి, రెండు కాంస్యములు గెలిచెను. 2021లో టోక్యోలో పందెము నడుమ పిస్తోలు చెడి, విలువైన కాలము పోగొట్టుకొని, ఫైనలునకు చేరలేకపోయిన బాలిక యామెయే. మూడేండ్లు ఓపికపట్టిన ఫలము పారిసులో దక్కెను.

తెలుగుగడ్డమీద హైదరాబాదును చూడుడు. ఉత్తరాది కుటుంబమున మదరాసులో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండనులో గాలిరైఫిలుతో కాంస్యము గెలిచెను. వేరుచోటి నుండి వచ్చి స్థిరపడిన ఇంటి బిడ్డ ఆ ఊరికి కీర్తి తెచ్చుట, ఇక్కడ తరతరములుగా స్థిరపడిన మనకు ఆలోచింపదగిన సంగతి. హైదరాబాదు బిడ్డయే యైన ఈషా సింగ్, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలుతో ఒక స్వర్ణము, మూడు రజతములు గెలిచినప్పుడు ఆమెకు ఇరువదియేండ్లు కూడ నిండలేదు.

ఇక పెద్దల సందేహము. "మనము మగ్గములవారము, అంగళ్ళవారము, మనకు తుపాకి యేల?" అని ఒక పెద్దమనిషి అడిగిరి. వారికి మా వినయపూర్వకమైన సమాధానమిది. సన్నని పోగు తెగినప్పుడు, ఊపిరి బిగబట్టి, కన్ను ఆర్పక, రెండు కొనలను కలిపి ముడివేయు చేతులు మన యిండ్లలో నున్నవి. మన తల్లులు కండె చుట్టునపుడు చూపిన నిదానమును చూచితిమి. గాలిపిస్తోలు పట్టువానికి కావలసినవి బలిసిన కండలు కావు; ఈ నిదానము, ఈ కన్ను, ఈ ఊపిరిపట్టు. పరుగుపందెములో వెనుకబడు బిడ్డ ఇందులో ముందునకు రావచ్చును. ఆడుపిల్లకు మగపిల్లవానికి ఇందు భేదము లేదు. పైగా కోపిష్ఠివాడు ఇందు రాణింపడు. కోపము వచ్చినచో దిమ్మె గాడిలో నిలువదు. కనుక ఇది హింసను నేర్పు విద్యయని భయపడనక్కరలేదు. తిన్నగా నేర్పినచో శాంతమును నేర్పు విద్య.

తిన్నగా నేర్పుటయనగా ఏమి? నాలుగు నియమములు ముందుగా కంఠస్థము కావలెను. ప్రతి తుపాకిలోను గుండు ఉన్నట్లే భావింపవలెను. ఖాళీయని ఎవరు చెప్పినను నమ్మరాదు. కొట్టదలపని దేనివైపునకును గొట్టము త్రిప్పరాదు, నవ్వులాటకైనను. గురి కుదిరి, కాల్చవలెనని నిశ్చయించువరకు మీటమీద వ్రేలు పెట్టరాదు. గురియేదో, దాని వెనుక ఏమున్నదో తెలిసికొనకుండ కాల్చరాదు. ఈ నాలుగును గాలిపిస్తోలునకు కూడ వర్తించును. దాని చిన్న సీసపుగింజ కంటిని తీయగలదు. వీనిని అప్పగింపలేని పిల్లవానికి, వాడు మా బిడ్డయే యైనను, పిస్తోలు ఇయ్యరాదు.

కావున సభవారి అంగీకారమునకై మా ప్రతిపాదనలను మనవి చేయుచున్నాము. వార్షికోత్సవమున పిస్తోలు ప్రదర్శన వలదు. దానికై అనుకొన్న సొమ్మును ప్రక్కన నుంచుదము. మన బిడ్డలలో పండ్రెండేండ్లు దాటి, తలిదండ్రుల సమ్మతి పొందినవారిని, ప్రభుత్వముచేత గుర్తింపబడిన గురిశాలకు, శిక్షకుని పర్యవేక్షణలో పంపుదము. మొదటి యేడు గాలిపిస్తోలు మాత్రమే. శిక్షణ రుసుములో సగము ఆ ప్రక్కన నుంచిన సొమ్మునుండియు, సగము తలిదండ్రులనుండియు రావలెను. ఊరక వచ్చినదానికి విలువ యుండదు. పేదయింటి బిడ్డయైనచో రెండవ సగమును వర్తకులము మేము కొందరము చందా వేసికొని చెల్లించెదము. ఎంపికలో ఆడుపిల్లలకు మగపిల్లలతో సమానముగా స్థానములుండవలెను. ఎవరును ఇంటికి సొంతముగా సాధనము కొనితేరాదు. కొనవలసివచ్చినచో శిక్షకుని అడిగి, చట్టమేమనుచున్నదో విచారించి, పిమ్మటనే కొనవలెను.

యువకులారా, మీ మొదటి కోరికను కాదన్నందులకు మీలో కొందరికి మామీద కినుక కలుగవచ్చును. కలుగనిండు. ఒక రాత్రి వేదికమీద ఇతరుడు చేసినదానిని చూచి చప్పట్లు కొట్టుట కంటె, ఒక యేడు ఓపికపట్టి మీరే ఆ పదకొండున్నర మిల్లీమీటర్ల వలయములో గుండు నిలుపుట మేలు కాదా? ఆ దినమున మీ గురిపలక కాగితమును తీసికొని మా అంగటికి రండు. గల్లాపెట్టె వెనుక, లక్ష్మీదేవి పటము ప్రక్కన, అందరకు కనబడునట్లు దానిని మేమే అంటించెదము.

ఇక ఓటునకు పెట్టవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాము.